ఓరుగల్లు అంగడిలో చక్కెర

కాకతీయుల రాజధానియగు ఓరుగల్లు వీథులలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇరువురు మిత్రులు ఒక దినమంతయు తిరుగుదురు. ఆనాటి అంగళ్ళు, ఆటపాటలు, కోడిపందెములు, గుళ్ళు వారి కంటబడినట్లే చదువరి కంటను పడును. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ‘క్రీడాభిరామము’ అను వీథినాటకమునకు గల విలువ ఇదియే. దానిని వ్రాసినవాడు శ్రీనాథుడే అను పండితులును కలరు గాని ఆ వివాదముతో ఇచ్చట పనిలేదు. ఆహార చరిత్రను తెలిసికొనగోరు వారికి ఆ గ్రంథములో ముఖ్యమైన పద్యము ఒకటి కలదు. అది పూటకూళ్ళ ఇంటిని గూర్చినది.

లక్ష్మణవజ్ఝల అనువాని ఇంట ఒక రూక ఇచ్చినచో లభించు భోజనమును కవి వరుసగా చెప్పును. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంటకము, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. వీటి నడుమ గుప్పెడు పంచదార!

ఈ గుప్పెడు పంచదార కొంత ఆలోచింపదగినది. ఆ పద్యములో ఉప్పు లెక్కకు రాలేదు, చింతపండు లెక్కకు రాలేదు. అవి ప్రతి ఇంటను ఉండునవే కనుక వాటిని చెప్పిన గొప్ప లేదు. చక్కెరను మాత్రము కవి కొలతతో సహా చెప్పెను. ఊరికి క్రొత్తగా వచ్చిన బాటసారి డబ్బిచ్చి తినగలిగిన విందుభోజనములో అది యొక అంశము. అనగా ఆనాటి ఓరుగల్లులో చక్కెర దొరకెడిది, కాని దానికి విలువ ఉండెడిది. ఏడాది పొడవునను, ఎడతెగక, పసిపిల్లల చేతికి అందెడి పదార్థము కాదు.

ఆరు, ఏడు వందల ఏండ్లు గడచినవి. నేడు వరంగల్లులో ఏ సందులోని కిరాణా కొట్టునకు పోయినను అయిదు రూపాయలకు తీపి బిస్కట్ల పొట్లము వచ్చును. పది, ఇరువది రూపాయలకు తీయని పానీయము సీసాలో వచ్చును. ఆనాడు పద్యమునకెక్కిన వస్తువు ఈనాడు ఎట్లు ఇంత చౌకయైనది? అందువలన పిల్లల దేహములలో ఏమి జరుగుచున్నది?

చెఱకు మొదట న్యూగినీ ద్వీపములో సాగులోనికి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అచ్చటివారు దానిని నమిలి రసము మ్రింగెడివారు. ఆ రసమును గడ్డకట్టించి నిలువచేయు విద్య మాత్రము భారతదేశమున పెంపొందినది. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను పేర్లు వరుసగా కానవచ్చును. పలుచని పాకము మొదలు గట్టి పలుకుల వరకు అవి మెట్లుమెట్లుగా ఉన్నవి. మన ‘చక్కెర’, పారశీకుల ‘షకర్’, ఆంగ్లేయుల ‘షుగర్’ ఆ శర్కర బిడ్డలే. ఖండము నుండి ‘క్యాండీ’ పుట్టినది. క్రీ. శ. 647లో చీనా చక్రవర్తి టైజుంగ్ చక్కెర వండు విధము నేర్చుకొని రమ్మని మగధకు మనుష్యులను పంపెను. బుద్ధుని ధర్మము కొఱకు వచ్చిన చీనా యాత్రికులను గూర్చి పాఠ్యగ్రంథములు చెప్పును గాని, పాకము కొఱకు వచ్చినవారిని గూర్చి చెప్పవు.

తెలుగుదేశమున పేదసాదలకు తెలిసిన తీపి చక్కెర కాదు, బెల్లము. కాకతీయులు త్రవ్వించిన పాకాల, రామప్ప వంటి పెద్ద చెఱువుల క్రింద వరి ముఖ్యమైన పంటయైనను, నీటి వసతి గల చోట్ల చెఱకును సాగయ్యెడిది. చెఱకును ఎద్దుల గానుగలో ఆడించి, రసమును వెడల్పాటి పెనములో పోసి, క్రింద చెఱకు పిప్పినే మంటపెట్టి కాచెడివారు. కొంచెము సున్నము వేయుదురు. కొన్ని చోట్ల బెండచెట్టు జిగురును వేయుదురు. దానితో మురికి నురుగై పైకి తేలును. దానిని తీసివేసి, పాకము ముదిరిన పిదప అచ్చులలో పోయుదురు. నూరు కిలోల చెఱకునకు పది కిలోల బెల్లము వచ్చుట పరిపాటి. పిప్పి యంతయు పొయ్యిలో కాలిపోవును, నీరు ఆవిరియగును, మిగిలినది తీపి. ఈ పదింట ఒకటి అను లెక్కను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఏలయన చెఱకుగడ నమలు పిల్లవాడు ఎంతసేపు నమిలినను తినగల చక్కెర కొద్దిపాటి. దవడలు నొప్పిపుట్టును, కడుపు నిండును. గానుగ ఆ హద్దును తొలగించినది. తరువాతి కథ అంతయు హద్దులు ఒకటొకటిగా తొలగిపోయిన కథయే.

బెల్లము వచ్చిన తరువాతను రెండు హద్దులు మిగిలినవి. ఒకటి వెల, రెండవది ఋతువు. వరంగల్లు పల్లెలలో పిల్లల చిరుతిండిని ఒక్కసారి తలచుకొన్నచో ఇది తెలియును. సంక్రాంతికి సకినాలు. అవి బియ్యపు పిండి, నువ్వులు, వాము, ఉప్పుతో చేయునవి, తీపి కాదు. సర్వపిండియు అంతే. దానిలో బియ్యపు పిండి, పల్లీలు, శనగపప్పు, కారము చేరును. తీపి బతుకమ్మ పండుగకు వచ్చును. మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పల్లి సద్ది ఆ తొమ్మిది దినముల కానుకలు. మేడారములో రెండేండ్లకొకసారి జరుగు సమ్మక్క సారలమ్మ జాతరలో భక్తులు తమ ఎత్తు బెల్లమును తూచి సమర్పింతురు. దానిని బెల్లమని అనరు, ‘బంగారము’ అందురు. బంగారమంత అపురూపమైనది గనుకనే ఆ పేరు తగినదై యుండును. ఎండకాలమున తాటిముంజలు, ఈతపండ్లు, తునికిపండ్లు. చలికాలమున రేగుపండ్లు, సీతాఫలములు. సీతాఫలము సీతమ్మ పేరు పెట్టుకొన్నను అమెరికా ఖండము నుండి వచ్చినది, అయినను తెలంగాణ గుట్టలు దానిని కన్నబిడ్డవలె పెంచినవి. ఏజెన్సీ గ్రామములలో కోయలు ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకొనెడివారు. దాని తీపియు వారి ఆహారములో ఒక భాగము.

పూర్వులు నిగ్రహవంతులగుటచే తీపి తక్కువ తినిరని అనుకొనుట పొరపాటు. దొరికిననాడు వారును కడుపార తినిరి. దొరకని దినములు ఎక్కువగుటయే వారి పండ్లను, ప్రాణములను కాపాడినది. ఆకలి, కరవు, అంటువ్యాధులు వారిని ఇతర విధముల బాధించినవి గనుక ఆ కాలమును స్వర్ణయుగమని పొగడుటయు తగదు.

వెల అను హద్దును కూలద్రోసినది యంత్రము. దానికి ముందు బానిసత్వము. అట్లాంటిక్ సముద్రమున కావలి దీవులలో ఆఫ్రికా బానిసలచే చెఱకు పండించి ఐరోపావారు చక్కెరను చౌకచేసిరి. బ్రిటిషు సామ్రాజ్యమున 1830-40 మధ్య బానిసత్వము రద్దుకాగా ఆ తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. అప్పుడు తెలుగువారి వంతు వచ్చినది. గోదావరీ ముఖద్వారమున గల కోరంగి రేవు నుండి తెలుగు కూలీలు మారిషస్ దీవికి ఓడలెక్కిరి. నేటికిని ఆ దీవిలో తెలుగువారికి కోరంగివారను పేరు వినిపించుచుండును. 1860లో మదరాసు నుండి ‘ట్రూరో’ అను ఓడ దక్షిణాఫ్రికాలోని నాటాలుకు మొదటి కూలీలను చేర్చినది. 1903 నుండి ఫిజీ దీవులకును దక్షిణాది కూలీలు పోయిరి. ఇంటివద్ద పండుగకు గాని బెల్లము ఎఱుగని కుటుంబములవారు పరదేశములలో లోకమునకంతకు తీపిని పండించిరి.

యంత్రము మాట. 1813లో ఎడ్వర్డ్ హోవార్డ్ అను ఆంగ్లేయుడు గాలి తీసివేసిన మూతపాత్రలో చెఱకు రసమును కాచు పద్ధతి కనిపెట్టెను. గాలి పీడనము తగ్గినచో ద్రవము తక్కువ వేడికే మరుగును. ఇది భౌతికశాస్త్రములోని చిన్న సూత్రము. తక్కువ వేడికే మరుగుట వలన చక్కెర మాడదు, తెల్లని పలుకులు కట్టును. అటుపై వేగముగా తిరుగు జల్లెడ తొట్టెలు వచ్చి మడ్డిని విసరివేసి పలుకులను మాత్రము నిలుపసాగినవి. బెల్లములో ఉండిపోవు ఖనిజ లవణములు, రంగు, వాసన అన్నియు మడ్డితో పోవును. మిగులునది దాదాపు పూర్తిగా సుక్రోజు. మనిషి తిను పదార్థములలో ఇంత శుద్ధమైన రసాయనములు చాల కొద్ది.

భారతదేశమున 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పించు చట్టము వచ్చినది. జావా నుండి వచ్చు చక్కెరపై సుంకము పెరిగినది. అంతవరకు దేశమున ముప్పది చిల్లర కర్మాగారములుండగా కొద్ది ఏండ్లలోనే వాటి సంఖ్య నూరు దాటినది. ఆ గాలి హైదరాబాదు సంస్థానమునకును సోకినది. మంజీర నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగర్ నీరు బోధను ప్రాంతమునకు పారుచుండెను. ఆ నీటిని నమ్ముకొని 1937లో బోధను వద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఏర్పడిన ఊరికి శక్కర్ నగర్ అని పేరు. ఆసియా ఖండములోని అతి పెద్ద చక్కెర మిల్లులలో ఒకటిగా అది పేరొందినది. తెలంగాణ పల్లెలకు తెల్ల చక్కెర అలవాటగుటలో దాని పాత్ర చిన్నది కాదు. చౌకధరల దుకాణములలో కార్డులపై తూచి ఇచ్చిన చక్కెరను పెద్దలనేకులు ఎఱుగుదురు. నెలకింతయని కట్టడి ఉండుటవలన అదియు ఒక హద్దుగనే పనిచేసినది. 2002లో ఆ మిల్లు ప్రయివేటువారి చేతికి పోయినది, 2015 డిసెంబరులో మూతబడినది. మిల్లు మూతబడినను చక్కెర రాక ఆగలేదు. దేశమున మనిషి ఒక్కింటికి ఏడాదికి సుమారు ఇరువది కిలోల చక్కెర ఖర్చగుచున్నదని లెక్క. దినమునకు భాగించినచో దాదాపు 55 గ్రాములు.

పెద్దవాని గుప్పిట నిండ చక్కెర తీసి త్రాసులో వేసి చూచినచో ఇంచుమించు అంతయే తూగును. లక్ష్మణవజ్ఝల ఇంట రూకకు ఒక పూట వడ్డించిన గుప్పెడు నేడు సగటు భారతీయుని దినసరి వాటా! ఆనాటి బాటసారి విందు నేటివాని నిత్యకృత్యము. ఇందులో ఇండ్లలో వాడునది ఒక భాగమే. బిస్కట్లు, మిఠాయిలు, పానీయములు చేయువారు వాడునది మరొక పెద్దభాగము.

చక్కెర హానిని శాస్త్రజ్ఞులు ఎప్పుడు గుర్తించిరి అను ప్రశ్నకు సమాధానములో హైదరాబాదునకును పాలు కలదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మొదట అచ్చటిది కాదు. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని శోధించుటకు ప్రారంభించిన చిన్న గదియే దానికి మూలము. మెక్కారిసన్ ఎలుకలకు వేర్వేరు జాతులవారి భోజనములు పెట్టి చూచెను. గోధుమ రొట్టె, పప్పు, పాలు, పచ్చికూరలు తిన్న ఎలుకలు బలిసి చక్కగా పెరిగినవి. ఇంగ్లండులోని పేదవారు తినునట్లు తెల్లరొట్టె, కృత్రిమపు వెన్న, డబ్బా మాంసము, చక్కెర వేసిన తేనీరు పెట్టినవి గిడసబారి రోగములపాలై, ఒకదానినొకటి కరచి చంపుకొనసాగినవి. ఆయన పిదప 1935 నుండి పది ఏండ్లు ఆ ప్రయోగశాలకు అధిపతియైన ఆక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారముల పోషక విలువలను పట్టికలుగా వెలువరించెను. నేటికిని మన పాఠ్యపుస్తకములలోని పట్టికలకు అదియే పూర్వరూపము. ఉద్యోగము విరమించిన తరువాత ఆయన 1967లో చక్కెర చరిత్రనే ఒక గ్రంథముగా వ్రాసెను. తీయని దుష్టుడు అని అర్థము వచ్చు పేరు దానికి పెట్టెను. సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది.

పండ్ల సంగతి మొదట తేలినది. నోటిలో స్ట్రెప్టొకాకస్ మ్యూటన్స్ అను సూక్ష్మజీవి కాపురముండును. అది చక్కెరను తిని ఆమ్లమును విడుచును. నోటిలోని పి.హెచ్. విలువ 5.5 కంటె తగ్గినప్పుడు పంటిపై గల పింగాణీ వంటి పొర కరుగనారంభించును. లాలాజలము ఆ ఆమ్లమును విరుచుటకు అరగంట పట్టును. కాబట్టి ఒక్కసారి ఎంత తింటిమన్నదానికంటె ఎన్నిసార్లు తింటిమన్నది పంటికి ముఖ్యము. స్వీడను దేశములో 1940-50 ప్రాంతమున విపెహోల్మ్ అను ఆశ్రమములోని మతిలేని రోగులకు జిగురు మిఠాయిలు మాటిమాటికి తినిపించి వారి పండ్లు పుచ్చుటను శాస్త్రజ్ఞులు వ్రాసికొనిరి. తమ మాటను తాము చెప్పుకొనలేని అభాగ్యులపై చేసిన ఆ పని గర్హింపదగినది. కాని దాని ఫలితము తెలిసిన పిదప ఆ దేశము తన పిల్లలకు ఒక ఆచారమును నేర్పినది. మిఠాయి శనివారమునకే అని. ప్రయోగశాలలో కోట్లు ఖర్చుపెట్టి వారు చేరుకొన్న చోటికి మన పల్లెల పండుగ తీపి పేదరికము వలననే చేరియున్నది. భారతదేశమున 2002-03లో జరిగిన దంత పరిశీలనలో పండ్రెండేండ్ల పిల్లలలో సగము మందికి పైగా పుచ్చుపండ్లు కలవని తేలినది.

పండ్లను మించిన హాని మెల్లగా బయటపడినది. తీపి పానీయముతో వచ్చు చక్కెరను దేహము వెంటనే పీల్చుకొనును. అవసరమునకు మించినదానిని కాలేయము క్రొవ్వుగా మార్చును. క్రొవ్వు పేరుకొన్న దేహములో ఇన్సులిన్ మాట కణములు వినకుండును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో రెండవ రకపు మధుమేహము వచ్చును. దీనికంతకు చక్కెర ఒక్కటియే కారణము కాదు. మరపట్టిన బియ్యము కడుపునిండ తినుట, ఒడలు వంపకుండుట, వంశలక్షణము కూడ కలియును. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము దేశమున మధుమేహ రోగులు సుమారు పది కోట్ల పదిలక్షలు.

ఈ హాని విషయమై అందరును నిజమే చెప్పలేదు. 1960-70 మధ్య అమెరికాలోని చక్కెర వ్యాపారుల సంఘము హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులకు ధనమిచ్చి, గుండెజబ్బు నింద క్రొవ్వుపై పడునట్లు వ్యాసము వ్రాయించినది. పాత పత్రములను తిరుగవేసి ఈ సంగతిని 2016లో వెలికితీసిరి.

హద్దు ఉండుట వలన లాభమెంత అనుదానిని చరిత్రయే ఒకమారు ప్రయోగము చేసి చూపినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో చక్కెర రేషను పెట్టిరి. 1953 సెప్టెంబరులో ఎత్తివేసిరి. ఒక్క ఏడాదిలో మనిషి దినసరి చక్కెర 41 గ్రాముల నుండి 80 గ్రాములకు చేరినది. రేషను తీసివేయుటకు కొలది ముందును, కొలది తరువాతను పుట్టిన బిడ్డల ఆరోగ్యమును డెబ్బది ఏండ్ల తరువాత శాస్త్రజ్ఞులు పోల్చిచూచి 2024లో ప్రకటించిరి. తల్లి గర్భములోను, పుట్టిన తరువాత మొదటి రెండేండ్లలోను రేషను అనుభవించినవారికి మధుమేహము 35 శాతము, రక్తపోటు 20 శాతము తక్కువగా వచ్చినవి. ఒకే దేశము, ఒకే జాతి, కొద్ది నెలల భేదము! రెండేండ్లలోపు పసివారికి చక్కెర అసలు కలుపరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో చెప్పుటకు ఇట్టి ఆధారములే బలము. పెద్దలకైనను దినమునకు 20 నుండి 25 గ్రాములు మించరాదని ఆ సూచన.

పిల్లల లెక్క వేసి చూతము. ఏడు మొదలు తొమ్మిదేండ్ల బిడ్డకు దినమునకు సుమారు 1700 కేలరీలు కావలెను. అందులో అయిదు శాతము 85 కేలరీలు. చక్కెర గ్రామునకు నాలుగు కేలరీలు గనుక ఇది 21 గ్రాములు, అనగా నాలుగైదు చెంచాలు. ఉదయము పాలలో రెండు చెంచాలు వేసిరి, పది గ్రాములు. బడిలో విరామవేళ తీపి బిస్కట్లు ముప్పది గ్రాములు తినెను. వాటిలో నాలుగవ వంతు చక్కెరయే గనుక ఏడు గ్రాములు. సాయంకాలము రెండువందల మిల్లీలీటర్ల చల్లని పానీయము, ఇరువది గ్రాములు. బిడ్డ ఇంకను చాక్లెట్టు తినలేదు, కేకు తినలేదు, పండుగ కాదు. అప్పుడే 37 గ్రాములైనది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2025 మే నెలలో బడులకు పంపిన ఉత్తరువులో నాలుగు మొదలు పదేండ్ల పిల్లల కేలరీలలో 13 శాతము, పదునొకండు మొదలు పదునెనిమిదేండ్లవారికి 15 శాతము చక్కెర వలననే వచ్చుచున్నవని చెప్పినది. ఉండవలసినది అయిదు శాతము.

ఇచ్చట బెల్లమును గూర్చి ఒక మాట. చక్కెర మాని బెల్లము వాడినచో చిక్కు తీరునని పలువురు తలంతురు. బెల్లములో కొంత ఇనుము, ఇతర ఖనిజ లవణములు కలవు, నిజమే. కాని నూరు గ్రాములలో ఎనుబది గ్రాములకు పైగా చక్కెరలే. పంటి సూక్ష్మజీవికి రెండింటి భేదము తెలియదు. తేనె సంగతియు అంతే. పండ్లరసమును ఇదే వరుసలో చేర్చవలెను. మామిడిపండు ముక్కలుగా తిన్నప్పుడు దాని తీపి పీచులోను, కణములలోను ఇమిడి నెమ్మదిగా విడుదలయగును. రసము పిండి వడగట్టినచో అది గానుగలోని చెఱకు రసము వంటిదే.

అంగడిలో నేడు ఎదురగు ప్రమాదము తీపి కాదు, మారుపేరు. పాలలో కలుపు పొడులు చాలకాలము ‘ఆరోగ్య పానీయములు’ అను పేర అమ్ముడుపోయినవి. అట్టి పేరు క్రింద వాటిని చూపరాదని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిలులో ఆన్‌లైన్ వర్తకులకు చెప్పినది. ఇంతకంటె తీవ్రమైన కథ హైదరాబాదులో జరిగినది. విరేచనములతో నీరసించిన పిల్లలకు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. ద్రావణములో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము, లీటరునకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు ఉండవలెను. ఈ స్వల్పమైన తీపి రుచికి కాదు. గ్లూకోజు వెంట సోడియము, దాని వెంట నీరు ప్రేగుల గోడలోనికి చేరును, అందులకు. తీపి ఎక్కువైనచో నీరు ఎదురు దిశగా ప్రేగులోనికి వచ్చి విరేచనములు హెచ్చును. ఇట్లుండగా దానికి ఎన్నో రెట్లు చక్కెర గల పండ్ల పానీయములు ఓ.ఆర్.ఎస్. అను అక్షరములను పేరులో చేర్చుకొని మందుల దుకాణములలో అమ్ముడుపోయినవి. తల్లులు మందనుకొని కొనిరి. శివరంజని సంతోష్ అను పిల్లల వైద్యురాలు దీనిపై సుమారు ఎనిమిదేండ్లు పోరాడి, న్యాయస్థానమునకును పోయినది. తుదకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పానీయముల పేర్లలో ఆ అక్షరములు ఉండరాదని శాసించినది.

కావున కొనువారు పొట్లము వెనుకవైపు చదువుట నేర్వవలెను. 2020 నాటి నిబంధనల ప్రకారము అదనముగా చేర్చిన చక్కెర ఎంతయో పొట్లముపై వ్రాయవలెను. వ్రాయుదురు గాని చీమతలకాయంత ఆంగ్లాక్షరములలో వ్రాయుదురు. వరంగల్లులోని తల్లులందరును దానిని చదువగలరా? చదువగల బిడ్డ ఇంటిలో ఉన్నాడు, హైస్కూలు విద్యార్థి.

పొట్లము అక్కరలేని అంగడియు నగరములో కలదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుబజారులను ప్రారంభించినది. హనుమకొండ రైతుబజారులోను, లక్ష్మీపురము కూరగాయల మార్కెటులోను దొరకునవి ఓరుగల్లు అంగడికి క్రొత్తవి కావు. కాకతీయుల నాటి సుంకముల శాసనములో ధాన్యములు, కాయగూరలు, కొబ్బరికాయలు, నువ్వులు, పసుపు, అల్లము మున్నగునవి నేటి గంపలలోను కానవచ్చును. ఋతువునకు దొరకు జామ, రేగు, సీతాఫలము పొట్లము బిస్కట్లకంటె వెలకు ఎక్కువని కొందరందురు. జామకాయకు అది నిజము కాదు, ద్రాక్షకు నిజమే. వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు, మొక్కజొన్న కంకి నేటికిని చౌకయే. ఉట్నూరు ఏజెన్సీలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. 2023లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ పోయనారంభించిరి. దానిలోను బెల్లము కలదు, కొలత మీద దృష్టి ఉంచినచో చాలును.

పైన చెప్పిన 2025 నాటి ఉత్తరువు బడులలో ‘చక్కెర పట్టికలు’ కట్టుమని చెప్పినది. ఏ పదార్థములో ఎంత చక్కెర ఉన్నదో గోడపై వ్రాసి చూపుట దాని ఉద్దేశము. వ్రాసిన గోడకంటె తూచిన త్రాసు పిల్లలకు బాగుగా తెలుపును. దీనికి ప్రయోగశాలలోని సామాన్యపు త్రాసు, ఒక కిలో చక్కెర, కొన్ని గాజు గొట్టములు చాలును. విద్యార్థులు వారము దినములు తాము తిన్న పొట్లముల ఖాళీ కాగితములను, త్రాగిన సీసాల చీటీలను దాచి తేవలెను. ఒక్కొక్క చీటీపై నూరు గ్రాములకు చక్కెర ఎంతయని ఉన్నదో చూచి, పొట్లము బరువుతో గుణించి, నూటితో భాగించి, అంత చక్కెరను తూచి గొట్టములో పోయవలెను. గొట్టము వెనుక ఆ చీటీని అంటింపవలెను. మొదటి గొట్టములో మాత్రము ఇరువది ఒక్క గ్రాములు పోసి, చీటీ ఏదియు అంటింపక, ఎడమవైపు చివర నిలుపవలెను. మిగిలినవానిని దాని ప్రక్కన వరుసగా పేర్చవచ్చును.